చిన్న విమానాల రోటరీ ఇంజన్లు: విపణిలో నిలదొక్కుకోవడంలోని సమస్యలు

చిన్న విమానాల రోటరీ ఇంజను అంటే తేలికపాటి విమానాలు, మోటారు గ్లైడర్లు, మానవరహిత విమానాల ప్రొపెల్లరును తిప్పడానికి వాడే వాంకెల్ తరహా అంతర్దహన యంత్రం. ఇందులో పైకీ కిందికీ ఆడే పిస్టను ఉండదు. మూడు మూలల రోటరు ఒక అండాకారపు గదిలో తిరుగుతూ గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను వదలడం అనే నాలుగు పనులనూ చేస్తుంది. ఈ వ్యాసం సుమారు 30 నుంచి 300 అశ్వశక్తి మధ్య ఉన్న ఇంజన్లకు పరిమితం. ఈ యంత్రం 1960ల చివరలోనే గాలిలోకి ఎగిరింది. అయినా ఆరు దశాబ్దాల తరువాత కూడా రెండు మూడు ప్రత్యేక రంగాలలో తప్ప దానికి స్థిరమైన అమ్మకాలు లేవు. ఆ వెనుకబాటుకు సాంకేతిక కారణాలు కొన్ని, ధ్రువీకరణ, పెట్టుబడులకు చెందినవి మరికొన్ని.

పేరుకు రెండు అర్థాలు

విమాన చరిత్రలో ‘రోటరీ ఇంజను’ అనే మాట రెండు వేర్వేరు యంత్రాలకు వాడుకలో ఉంది. మొదటిది మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సుకు చెందిన సెగాఁ సోదరుల నోమ్ ఇంజను వంటిది. అందులో క్రాంక్ షాఫ్టు కదలకుండా ఉంటుంది. చుట్టూ చక్రం ఆకుల్లా అమర్చిన సిలిండర్లు ప్రొపెల్లరుతో పాటు గిరగిరా తిరుగుతాయి. పెట్రోలులో కరగని ఆముదాన్ని వాటికి కందెనగా వాడేవారు. యుద్ధానంతరం ఆ తరహా కనుమరుగైంది. రెండవది జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ (1902–1988) రూపొందించిన సూత్రం మీద నడిచేది. ఈ వ్యాసంలో రోటరీ అన్నచోటల్లా రెండవదే ఉద్దిష్టం.

నిర్మాణం, పనితీరు

రోటరు తిరిగే గది లోపలి అంచు ఎపిట్రోకాయిడ్ అనే వక్రరేఖ ఆకారంలో ఉంటుంది. నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయిన అండాకారం లాంటిది అది. ఉబ్బెత్తు భుజాలున్న త్రికోణపు రోటరు తన మూడు కొనలనూ ఎప్పుడూ ఆ అంచుకు ఆనించి ఉంచుతూ తిరుగుతుంది. దాని కేంద్రం ఒకచోట నిలవదు. ఎక్సెంట్రిక్ షాఫ్టు మీద చిన్న వలయంలో కదులుతుంది. రోటరు లోపలి పళ్ళచక్రానికీ, కదలకుండా బిగించిన పళ్ళచక్రానికీ మధ్య పళ్ళ నిష్పత్తి 3:2. అందువల్ల రోటరు ఒకసారి తిరిగేలోగా షాఫ్టు మూడుసార్లు తిరుగుతుంది.

రోటరుకు మూడు ముఖాలు ఉన్నందున షాఫ్టు తిరిగిన ప్రతిసారీ ఒక దహనం జరుగుతుంది. ఒకే సిలిండరున్న నాలుగు స్ట్రోకుల పిస్టను ఇంజనులో రెండు చుట్లకు ఒక దహనం మాత్రమే. కనుక రోటరీ ఇంజను ఘనపరిమాణాన్ని ఎలా లెక్కించాలన్నది పాత వివాదం. ఒక గది పరిమాణాన్నే చూపించి తయారీదారులు తక్కువ సీసీ చెబుతారు. పన్నుల, పందేల నిబంధనలలో దాన్ని తరచు పెంచి లెక్కించేవారు. ఒక గది పరిమాణానికి సూత్రం సులభం: 3√3 ను షాఫ్టు కేంద్రం నుంచి రోటరు కేంద్రానికి ఉన్న ఎడం, రోటరు వ్యాసార్ధం, రోటరు మందంతో గుణించాలి. జపానుకు చెందిన మాజ్దా 13బి ఇంజనులో ఈ కొలతలు 15, 105, 80 మిల్లీమీటర్లు. లెక్క కడితే గదికి 654 ఘన సెంటీమీటర్లు, రెండు రోటర్లకు 1308 వస్తాయి.

విమానానికి అనుకూలించే గుణాలు

రెండు రోటర్ల ఇంజనులో ప్రధానంగా కదిలే భాగాలు మూడే: రెండు రోటర్లు, ఒక షాఫ్టు. వాల్వులు, కామ్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లు ఉండవు. అటూ ఇటూ ఆడే బరువులు లేనందున కంపనం చాలా తక్కువ. అదే శక్తినిచ్చే పిస్టను ఇంజను కన్నా పరిమాణంలో చిన్నది, బరువులో తేలికైనది. గదిలో వేడెక్కిన ఎగ్జాస్టు వాల్వు లేనందున తక్కువ ఆక్టేను ఇంధనంతోనూ నడుస్తుంది. సీసం కలిపిన విమాన పెట్రోలు అవసరం లేదు. ఒక సీలు విరిగినా సాధారణంగా ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోదు, శక్తి తగ్గి నడుస్తుంది. ఒకే ఇంజనున్న విమానానికి ఈ చివరి గుణం చిన్నదేమీ కాదు. కాగితం మీద చూస్తే విమానం కోసమే పుట్టిన యంత్రంలా కనిపిస్తుంది. ఇన్ని సంస్థలు దీని వెంట పడడానికి కారణం ఆ ఆకర్షణే.

చరిత్ర

తొలి దశ: వాంకెల్ సూత్రం మీద మొదటి ఇంజను 1957 ఫిబ్రవరిలో జర్మనీలోని నెకార్‌జుల్మ్‌లో ఉన్న ఎన్‌ఎస్‌యు కర్మాగారంలో నడిచింది. అందులో గది కూడా తిరిగేది. గది కదలకుండా రోటరు మాత్రమే తిరిగే సరళమైన రూపాన్ని ఎన్‌ఎస్‌యు ఇంజనీరు హన్స్ డీటర్ పాష్కే తయారుచేశాడు; తరువాతి ఇంజన్లన్నీ దాని సంతతే. అమెరికా విమాన పరిశ్రమకు చెందిన కర్టిస్-రైట్ 1958లోనే లైసెన్సు తీసుకుంది. ఆ సంస్థలో మాక్స్ బెంటెలే నాయకత్వంలో సాగిన పని నుంచి ఆర్‌సి2-60 అనే 185 అశ్వశక్తి రెండు రోటర్ల ఇంజను వచ్చింది. దాన్ని లాక్‌హీడ్ సంస్థ వియత్నాం యుద్ధం కోసం పరీక్షించిన చప్పుడు లేని నిఘా విమానం క్యూ-స్టార్‌లో అమర్చింది. వాంకెల్ ఇంజనుతో ఎగిరిన మొదటి విమానంగా దానికే పేరు. అయితే సైన్యం కోసం తయారై యుద్ధరంగానికి వెళ్ళిన వైఓ-3ఎ విమానంలో కాంటినెంటల్ పిస్టను ఇంజనే ఉంది. నమూనాలో రోటరీ, ఉత్పత్తిలో పిస్టను అన్న ఈ క్రమం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఫ్రాన్సులో సిట్రోయెన్ కారు సంస్థ ఆర్‌ఇ-2 అనే చిన్న హెలికాప్టరును రోటరీ ఇంజనుతో 1975లో ఎగరేసింది. అప్పటికే సంస్థ ఆర్థికంగా చితికిపోయి ప్యూజో చేతికి వెళుతోంది. హెలికాప్టరు ఉత్పత్తికి రాలేదు.

జాన్ డీర్ ప్రయత్నం: కర్టిస్-రైట్ తన రోటరీ విభాగాన్ని 1984లో ట్రాక్టర్ల తయారీ సంస్థ జాన్ డీర్‌కు అమ్మింది. డీజిలు, జెట్ ఇంధనం సహా పలు ఇంధనాలను నేరుగా గదిలోకి చిమ్మి మండించే ‘స్తరీకృత దహన’ రోటరీ మీద డీర్, నాసా కలిసి పనిచేశాయి. తేలికపాటి విమానాలకు దీన్ని తేవడానికి విమాన ఇంజన్ల సంస్థ లైకమింగ్ కూడా చేయి కలిపింది. ఆ భాగస్వామ్యం దశాబ్దం పూర్తికాకుండానే ముగిసింది. 1991లో ఆ హక్కులు న్యూజెర్సీలోని రోటరీ పవర్ ఇంటర్నేషనల్‌కు వెళ్ళాయి. ఇంజను పరీక్షల్లో చెప్పినట్టు పనిచేసింది, కాని దాన్ని పెట్టుకునే కొత్త విమానాలే అప్పుడు తయారు కావడం లేదు (చూ. ఆర్థిక అవరోధాలు).

బ్రిటిష్ పరంపర: చిన్న ఇంజన్ల చరిత్రలో ఎక్కువ కాలం నిలిచినది ఇదే. బిఎస్‌ఏ మోటారు సైకిళ్ళ సంస్థలో డేవిడ్ గార్సైడ్ అనే ఇంజనీరు జర్మనీకి చెందిన ఫిక్టెల్-జాక్స్ చిన్న రోటరీని ఆధారం చేసుకుని 588 సీసీ రెండు రోటర్ల ఇంజనును రూపొందించాడు. అది నార్టన్ పేరుతో పోలీసు బైకులలోనూ, 1987 నాటి నార్టన్ క్లాసిక్‌లోనూ వచ్చింది. 1992లో ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టీటీ పందేన్ని స్టీవ్ హిస్లాప్ రోటరీ నార్టన్ మీదే గెలిచాడు. బైకుల వ్యాపారం దెబ్బతిన్న తరువాత ఆ ఇంజను విమాన రూపాలు రెండు పాయలుగా చీలాయి. ఒక పాయ స్టాఫర్డ్‌షైర్‌లోని యుఏవీ ఇంజన్స్ సంస్థకు, అంటే డ్రోన్ల వైపు వెళ్ళింది. రెండవది మిడ్-వెస్ట్ ఇంజన్స్ ద్వారా ఆస్ట్రియాలోని డైమండ్ విమాన సంస్థకు చేరి ఆస్ట్రో ఇంజన్ పేరుతో గ్లైడర్ల వైపు వెళ్ళింది.

సాంకేతిక అవరోధాలు

సీలింగు: పిస్టను చుట్టూ ఉండే రింగు గుండ్రని సిలిండరు గోడకు చుట్టూరా సమంగా ఆనుతుంది. రోటరు కొన మీద ఉండే అపెక్స్ సీలు సన్నని బద్ద. గోడను ఒక గీత వెంట మాత్రమే తాకుతుంది. పైగా తిరిగే కొద్దీ గోడకు దాని కోణం మారుతూ ఉంటుంది. 13బి కొలతల్లో ఈ వాలు అటూ ఇటూ సుమారు 25 డిగ్రీలు. కొనల సీళ్ళు, పక్క సీళ్ళు మూలల దగ్గర కలిసే చోటల్లా వాయువు జారిపోవడానికి సందు ఉంటుంది. సీలు స్పార్కు ప్లగ్గు రంధ్రం మీదుగా దాటే క్షణంలో కూడా ఒక గది నుంచి పక్క గదికి పీడనం కారుతుంది.

తొలినాటి సీళ్ళు కంపించి గోడ మీద అలల్లాంటి గీతలు పెట్టేవి. మాజ్దాలో కెనిచి యమమోతో బృందం వీటికి ‘దయ్యం గోళ్ళ గుర్తులు’ అని పేరు పెట్టుకుంది. కార్బన్, అల్యూమినియం కలిపిన సీళ్ళతో సమస్యను అదుపు చేసి 1967లో కాస్మో స్పోర్ట్ కారును మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది వచ్చిన ఎన్‌ఎస్‌యు ఆర్ఓ 80 కారుకు సీళ్ళ అరుగుదల వల్ల వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి సంస్థ నష్టపోయింది. 1969లో ఆటో యూనియన్‌లో విలీనమైంది. గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత, సీళ్ళకు మెరుగైన పదార్థాలు వచ్చాక ఈ సమస్య చాలావరకు తీరింది. అయితే కొనుగోలుదారుల మనసుల్లో పడిన అపనమ్మకం అంత త్వరగా పోలేదు. విమాన యజమానులు స్వభావరీత్యా మరింత జాగ్రత్తపరులు.

వేడి: పిస్టను ఇంజనులో ఒకే చోట చల్లని గాలి, వేడి మంట వంతులవారీగా వస్తాయి కనుక గోడ సగటు వేడి వద్ద ఉంటుంది. రోటరీలో దహనం ఎప్పుడూ ఒకే పక్కన జరుగుతుంది, గాలి ఎప్పుడూ మరో పక్క నుంచి వస్తుంది. ఒక పక్క మరుగుతూ, మరో పక్క చల్లగా ఉండే గది వంకరపోతుంది. వంకరపోతే సీలు కారుతుంది. అన్నిటికన్నా కష్టం రోటరును చల్లబరచడం. పెద్ద ఇంజన్లలో రోటరు లోపలికి నూనె పంపుతారు. దానికి పంపు, నూనె రేడియేటరు, నూనె సీళ్ళు కావాలి; చిన్న ఇంజనుకు ఆ బరువు తలకు మించిన భారం. అందుకే జాక్స్, నార్టన్ తరహాలో లోపలికి పీల్చే గాలినే ముందుగా రోటరు మధ్య నుంచి నడిపారు. అలా వేడెక్కిన గాలి పలచబడి శక్తి తగ్గుతుంది. నార్టన్ క్లాసిక్‌లో ఆ గాలిని మళ్ళీ చల్లార్చడానికి బైకు చట్రాన్నే గాలి పెట్టెగా వాడారు; విమానానికి ఆ వీలు లేదు. రోటరు పక్కల నుంచి కారే వాయువునే పీడనంతో లోపల తిప్పి చల్లార్చే స్పార్క్స్ పద్ధతిని గార్సైడ్ తరువాత రూపొందించాడు. 2012లో ఏర్పడిన ఏఐఈ అనే బ్రిటిష్ సంస్థ దాన్ని చిన్న డ్రోను ఇంజన్లలో వాడుతోంది.

ఇంధన వ్యయం: పొడవుగా, పలచగా సాగే దహన గదిలో గోడల వైశాల్యం ఎక్కువ, కనుక వేడి నష్టం ఎక్కువ. మంట రోటరు వెనక మూలకు చేరేసరికి కొంత ఇంధనం మండకుండానే ఎగ్జాస్టులోకి పోతుంది. పైగా కొనల సీళ్ళకు కావలసిన కందెన నూనెను చిన్న ఇంజన్లు తిరిగి పట్టుకోవు, కాల్చివేస్తాయి. ఫలితంగా అదే పని చేసే నాలుగు స్ట్రోకుల ఇంజను కన్నా ఎక్కువ ఇంధనం కావాలి. అర్ధగంట ఎగిరే విమానానికి ఇది పట్టించుకోదగ్గది కాదు. పది గంటలు ఎగిరే విమానానికి ఇంజనులో ఆదా అయిన బరువు కన్నా అదనంగా మోయాల్సిన పెట్రోలు బరువే ఎక్కువవుతుంది.

ప్రొపెల్లరు, శబ్దం: చిన్న రోటరీ ఇంజన్లు నిమిషానికి 6000 నుంచి 8000 చుట్ల దగ్గర పూర్తి శక్తినిస్తాయి. ప్రొపెల్లరు కొనలు శబ్దవేగానికి దగ్గర పడకుండా ఉండాలంటే దాని వేగం అందులో సగానికో మూడో వంతుకో దిగాలి. మధ్యలో సాధారణంగా గేరుబాక్సో బెల్టో కావాలి. ఇంజను తోపులు, ప్రొపెల్లరు జడత్వం కలిసి షాఫ్టును మెలితిప్పే కంపనాన్ని పుట్టిస్తాయి; సొంతంగా ఇంజను మార్చుకున్న చాలామంది ఔత్సాహికులకు అసలు పరీక్ష ఇంజనుతో కాక ఈ గేరుతోనే ఎదురైంది. ఇక వాల్వు లేకుండా ఒక్కసారిగా తెరుచుకునే ఎగ్జాస్టు ద్వారం నుంచి పొగ అతి వేడిగా, పెద్ద చప్పుడుతో వస్తుంది. మామూలు ఉక్కు సైలెన్సరు ఆ వేడికి త్వరగా చెడుతుంది. వేడికి తట్టుకునే మిశ్రలోహంతో చేసిన బరువైన సైలెన్సరు పెడితే తేలిక అన్న వాదన కొంత పలచబడుతుంది.

పరిమాణం తగ్గితే: ఇంజను కొలతలన్నిటినీ సగానికి తగ్గిస్తే గది ఘనపరిమాణం ఎనిమిదో వంతు అవుతుంది, గోడల వైశాల్యం నాలుగో వంతే అవుతుంది. అంటే ఘనపరిమాణంతో పోల్చితే గోడల వైశాల్యం రెట్టింపు. వేడి నష్టం ఆ మేరకు పెరుగుతుంది. సీళ్ళ సందులు మాత్రం అదే దామాషాలో చిన్నవి కావు. అవి యంత్ర పనితనం మీద ఆధారపడతాయి. జపాను సంస్థ ఓఎస్, జర్మన్ గ్రాప్నర్ కలిసి 1970 ప్రాంతంలో తెచ్చిన సుమారు 5 సీసీ బొమ్మ విమానాల వాంకెల్ ఇంజను దశాబ్దాల పాటు అమ్ముడైంది. కాని అది అభిరుచి కోసం కొనే వస్తువు, అక్కడ ఇంధన ఖర్చు ఎవరూ లెక్కించరు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మిల్లీమీటర్ల పరిమాణపు రోటరీ మీద జరిగిన పరిశోధనకు ప్రధానంగా అడ్డుపడినవి కూడా వాయువు కారడం, వేడి నష్టమే.

ధ్రువీకరణ

మనుషులను మోసే విమానంలో వాడే ఇంజనుకు టైపు సర్టిఫికెట్ కావాలి. అమెరికాలో ఇది ఎఫ్‌ఏఏ నిబంధనల 33వ భాగం కింద, ఐరోపాలో సీఎస్-ఇ కింద వస్తుంది; మోటారు గ్లైడర్లకు ఐరోపాలో సీఎస్-22 అనే కొంత తేలికైన నిబంధనలు ఉన్నాయి. అమెరికా నిబంధన ప్రకారం 150 గంటల ఓర్పు పరీక్ష జరగాలి. అందులో పెద్ద భాగం పూర్తి శక్తి దగ్గరే నడపాలి. ఆ పరీక్ష గెలిచిన ఇంజను తయారీ పద్ధతిని, ప్రతి భాగం వనరునూ కూడా ఆమోదింపజేసుకోవాలి. ఒక సీలు పదార్థం మార్చినా మళ్ళీ రుజువు చూపాలి. నిత్యం మెరుగుపడుతూ ఉండవలసిన కొత్త తరహా యంత్రానికి ఈ పద్ధతి కాళ్ళకు బంధం వంటిది. పాత ఇంజన్లకు అదే రక్షణ కవచం.

సర్టిఫికెట్ వచ్చినా ఓవర్‌హాల్ గడువు సమస్య మిగులుతుంది. లైకమింగ్ ఓ-320 వంటి ఇంజను 2000 గంటలు నడిచాక విప్పాలి. డ్రోన్లలో వాడే చిన్న రోటరీల గడువు వందల గంటల్లో ఉంటుంది. ఈ గడువు డ్రాయింగు బల్ల మీద నిర్ణయమయ్యేది కాదు. వందలాది ఇంజన్లు జనం చేతుల్లో నడిచి, విప్పి చూసి, అరుగుదల కొలిచాక దశలవారీగా పెంచేది. 1989లో 80 అశ్వశక్తితో వచ్చిన ఆస్ట్రియా పిస్టను ఇంజను రోటాక్స్ 912 కూడా తక్కువ గడువుతోనే మొదలై, వేలాది విమానాల అనుభవం మీద 2000 గంటలకు చేరింది. అమ్మకాలు లేకపోతే గంటలు పోగుకావు, గంటలు లేకపోతే గడువు పెరగదు, గడువు పెరగకపోతే అమ్మకాలు రావు. రోటరీ తయారీదారులు ఈ వలయం దాటలేకపోయారు. సీళ్ళ గురించి రాసినంతగా దీని గురించి ఎవరూ రాయరు కాని, వ్యాపారపరంగా ఇదే పెద్ద కారణం.

ఆర్థిక అవరోధాలు

అమెరికాలో చిన్న విమానాల తయారీ 1978లో 17,811 దగ్గర శిఖరానికి చేరి, 1994 నాటికి 928కి పడిపోయింది. ఉత్పత్తి బాధ్యత దావాల ఖర్చు దానికి ఒక ముఖ్య కారణం. విమానం ఎంత పాతదైనా ప్రమాదం జరిగితే తయారీదారుపై దావా వేసే వీలుండేది. 18 ఏళ్ళ పరిమితి విధిస్తూ చట్టం వచ్చింది 1994లోనే. సరిగ్గా ఈ పతనం మధ్యలో జాన్ డీర్, లైకమింగ్ తమ రోటరీని తేవాలని చూశాయి. కొత్త విమానం లేనిచోట కొత్త ఇంజనుకు మిగిలేది పాత విమానాలలో మార్చిపెట్టే వ్యాపారమే. అందుకు ప్రతి విమాన నమూనాకూ వేరుగా అనుమతి తెచ్చుకోవాలి.

ఎపిట్రోకాయిడ్ గోడను అరగదీసే యంత్రాలు, పూతల కర్మాగారం, ప్రత్యేక సీళ్ళు అన్నీ పెద్ద సంఖ్యలో తయారైతేనే ఖర్చు తగ్గేవి. మాజ్దాకు ఆర్‌ఎక్స్-7 కారు ఆ సంఖ్యను ఇచ్చింది. ఏడాదికి కొన్ని వందల ఇంజన్లు అమ్మే విమాన సంస్థకు అది ఎన్నడూ దొరకలేదు. అందుకే కొందరు మాజ్దా భాగాలనే తీసుకుని విమాన ఇంజన్లు చేయబోయారు. జెనీవాలోని మిస్ట్రాల్ ఇంజన్స్ అలా రెండు, మూడు రోటర్ల నమూనాలతో ధ్రువీకరణ మార్గంలో నడిచింది. కారు సంస్థ తన అవసరం కోసం మార్చుకునే భాగం మీద విమాన సర్టిఫికెట్ ఆధారపడటం ఈ మార్గంలోని బలహీనత. అలాంటి రోటరీ ఇంజనున్న మాజ్దా కారు ఆర్‌ఎక్స్-8 ఉత్పత్తి 2012లో ఆగిపోయింది.

హక్కులు చేతులు మారడం మరో నష్టం. కర్టిస్-రైట్ నుంచి డీర్‌కు, అక్కడి నుంచి రోటరీ పవర్ ఇంటర్నేషనల్‌కు. బిఎస్‌ఏ నుంచి నార్టన్‌కు, అక్కడి నుంచి మిడ్-వెస్ట్‌కు, డైమండ్‌కు. ప్రతి మార్పులోనూ అనుభవజ్ఞులు కొందరు దూరమవుతారు, విడిభాగాల సరఫరా ఆగుతుందేమోనని కొన్నవారికి భయం పుడుతుంది.

నిలదొక్కుకున్న రంగాలు

మోటారు గ్లైడర్లు: జర్మనీలోని అలెగ్జాండర్ ష్లైకర్ సంస్థ 1990ల మధ్యలో తెచ్చిన ఏఎస్‌హెచ్ 26 ఇ గ్లైడరులో నార్టన్ వంశపు 294 సీసీ ఒంటి రోటరు ఇంజను ఉంది. ఇంజను గ్లైడరు ఉదరంలోనే ఉండిపోతుంది. ప్రొపెల్లరు ఒక్కటే బెల్టు సాయంతో పైకి లేస్తుంది. గ్లైడరు నేల నుంచి లేచాక కొన్ని నిమిషాల్లో ఇంజను ఆపేస్తారు. తక్కువ చోటు, తక్కువ కంపనం అక్కరకు వస్తాయి. ఇంధన వ్యయం, ఓవర్‌హాల్ గడువు పెద్దగా బాధించవు. ఈ ఇంజను తరువాత అదే సంస్థకు చెందిన మరికొన్ని గ్లైడర్లలోనూ చోటు సంపాదించింది.

మానవరహిత విమానాలు: అమెరికా సైన్యం వాడిన ఆర్‌క్యూ-7 షాడోలో యుఏవీ ఇంజన్స్ వారి 208 సీసీ, 38 అశ్వశక్తి ఏఆర్741 ఉంది. ఇజ్రాయెల్ హెర్మిస్ 450లో అదే సంస్థ చేసిన 52 అశ్వశక్తి ఇంజను ఉంది. మనిషి లేనిచోట ధ్రువీకరణ భారం తేలిక, కెమెరాకు కంపనం లేకపోవడం మేలు. ఈ రంగంలోనూ హద్దులు కనిపిస్తాయి. హెర్మిస్ 450 కన్నా పెద్దదై, ఎక్కువ గంటలు ఎగిరే హెర్మిస్ 900కు రోటాక్స్ 914 పిస్టను ఇంజను పెట్టారు. 2018లో హైదరాబాదులో ప్రారంభమైన అదానీ-ఎల్బిట్ కర్మాగారంలో తయారయ్యేది ఈ పెద్ద రకమే. షాడో చివరి రూపంలో కూడా ఏఆర్741 స్థానంలో లైకమింగ్ ఇంజను వచ్చింది. సైన్యాలు పెట్రోలు మానేసి అన్నిటికీ జెట్ ఇంధనమే వాడాలనుకోవడం మరో చిక్కు. సంపీడనం తక్కువగా ఉన్న రోటరీలో ఆ బరువైన ఇంధనం చలిలో అంటుకోవడం కష్టం.

ఇలాంటి ఇంజన్లు ఆయుధాలలోనూ వాడదగినవి కనుక ఎగుమతి ఆంక్షలు వర్తిస్తాయి. చట్టబద్ధమైన తయారీదారుకు మార్కెట్ ఆ మేరకు కుంచించుకుపోతుంది. నకళ్ళు మాత్రం ఆగలేదు. ఇరాన్ దాడి డ్రోను షాహెద్-131లో బ్రిటిష్ నమూనాను పోలిన చిన్న వాంకెల్ ఉంది. దానికన్నా పెద్దదైన షాహెద్-136లో పిస్టను ఇంజనే ఉంది. ఒక్కసారే ఎగిరి పేలిపోయే యంత్రానికి ఓవర్‌హాల్ గడువుతో పనిలేదు.

సొంత నిర్మాణ విమానాలు: అమెరికాలో ఔత్సాహికులు కట్టుకునే ప్రయోగాత్మక విమానాలకు ఇంజను సర్టిఫికెట్ అక్కర్లేదు. ధ్రువీకరణ లేని ఇంజను పెడితే తొలి పరీక్షా దశ 25 గంటలకు బదులు సాధారణంగా 40 గంటలు ఉంటుంది. మాజ్దా 13బి పెట్టుకున్న వారు అక్కడ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. ఇది మార్కెట్ అనడం కన్నా ఒక చిన్న సమాజం అనడం సరిగ్గా ఉంటుంది.

భారతదేశంలో

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారుచేసిన నిశాంత్ నిఘా డ్రోనుకు మొదట దిగుమతి రోటరీ ఇంజను వాడేవారు. దాని స్థానంలో అహ్మద్‌నగర్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల వీఆర్‌డీఈ, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, మరో డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏడీఈ కలిసి 55 అశ్వశక్తి దేశీయ వాంకెల్‌ను రూపొందించాయి. విమాన యోగ్యతను చూసే సెమిలాక్ తాత్కాలిక అనుమతి ఇచ్చాక 2009 మార్చి 29న కర్ణాటకలోని కోలారు దగ్గర ఆ ఇంజనుతో నిశాంత్ ఎగిరింది. పైకి ఎక్కి, కొంతసేపు ఎగిరి క్షేమంగా దిగింది. సాంకేతికంగా ఇది అరుదైన విజయం. అలాంటి ఇంజనును సొంతంగా చేసిన దేశాలు కొద్దే. అయితే సైన్యం కొన్న నిశాంత్‌లు నాలుగే. 2015 నాటికి అవన్నీ కూలిపోవడంతో ఆ కార్యక్రమం ముగిసింది. ఇంజను సిద్ధమైనా దాన్ని మోసే విమానం లేకపోవడం జాన్ డీర్‌కు ఎదురైన స్థితికి భిన్నం కాదు. తరువాత వచ్చిన తపస్ అనే పెద్ద డ్రోనుకు ఆస్ట్రో సంస్థ ఇంజన్లనే వాడారు, కాని అవి రోటరీలు కావు, డీజిలు పిస్టను ఇంజన్లు.

ఇటీవలి మార్గాలు

అమెరికాలోని కనెటికట్‌లో 2004లో స్థాపించిన లిక్విడ్‌పిస్టన్ సంస్థ వాంకెల్‌ను తలకిందులు చేసిన నమూనా మీద పనిచేస్తోంది. అందులో రోటరు వేరుశనగ కాయ ఆకారంలో, గది మూడు మూలలతో ఉంటుంది. కొనల సీళ్ళు రోటరు మీద కాక కదలని గదిలో ఉంటాయి, కనుక వాటికి నూనె నేరుగా అందించవచ్చు. ఈ పనికి ఎక్కువగా అమెరికా రక్షణ శాఖ నిధులు వచ్చాయి.

రెండవ మార్గం ఇంజనును ప్రొపెల్లరుకు కాక జనరేటరుకు కలపడం. అప్పుడు గేరుబాక్సు, మెలి కంపనం సమస్యలు పోతాయి. ఇంజను ఎప్పుడూ తనకు అనువైన ఒకే వేగంలో నడుస్తుంది. డైమండ్, సీమెన్స్, ఐరోపా విమాన సంస్థ ఈఏడీఎస్ కలిసి 2011లో ఎగరేసిన డీఏ36 ఇ-స్టార్ మోటారు గ్లైడరులో 30 కిలోవాట్ల ఆస్ట్రో వాంకెల్ కరెంటు పుట్టిస్తే, 70 కిలోవాట్ల విద్యుత్ మోటారు ప్రొపెల్లరును తిప్పింది. మాజ్దా కూడా 2023లో రోటరీని ఈ రూపంలోనే కార్లకు తిరిగి తెచ్చింది. ఎంఎక్స్-30 ఆర్-ఈవీలోని 830 సీసీ ఒంటి రోటరు ఇంజను చక్రాలను తిప్పదు, బ్యాటరీకి కరెంటు ఇస్తుంది. అపెక్స్ సీలు మందాన్ని 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కు పెంచారు. అది కారు కోసం చేసిన ఇంజను. దానికి విమాన ధ్రువీకరణ లేదు.